దించని షటర్

వ్యాపారుల సంఘం మనిషి వచ్చేసరికి టైలరమ్మ ఒక చొక్కాకి కాజాలు కుడుతోంది. అతను గుమ్మంలోనే నిలబడి, "శుక్రవారం పొద్దున పెయింటర్ వస్తాడమ్మా. అన్ని కొట్లవాళ్లూ షటర్లు దించి ఉంచాలని ప్రెసిడెంటు గారు చెప్పమన్నారు," అన్నాడు.

"నాది దించడం కుదరదు," అంది ఆమె తల ఎత్తకుండానే.

"ఒక్క పూటేనమ్మా. రంగు ఆరగానే ఎత్తేసుకోవచ్చు."

"ఒక్క నిమిషం కూడా కుదరదు. పైన పిల్లలున్నాయి."

అతను పైకి చూశాడు. గుమ్మం మీద షటర్ చాపలా చుట్టుకుని ఉంది. ఆ చుట్టకీ పై రేకుకీ మధ్య సందులోంచి ఎండుగడ్డి, దూదిపింజలు, ఎర్ర రిబ్బను ముక్క ఒకటి వేలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడే గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుక ఒకటి, ముక్కున పచ్చపురుగుతో వచ్చి, అతని నెత్తిమీదుగా ఆ సందులోకి దూరింది. లోపల ఒక్కసారిగా గోల లేచింది.

"పిచ్చుకలా!" అని అతను పెద్దగా నవ్వాడు. "ఎవరి పిల్లలు పైకెక్కారో అని హడలిపోయానమ్మా నేను!" ఆ నవ్వుతోనే పక్క కొట్టుకి వెళ్లిపోయాడు. ఆమె నిజంగానే అందని అతనికి తోచలేదు.

ఆ వీధిలో ఒకే పొడవాటి కట్టడం, దాని నిండా వరసగా కొట్లు. నడిమధ్యలో టైలరమ్మది. ఆమెకి ఒక పక్కన తాళాల బాబాయి, రెండో పక్కన మంగలి. వీధి మొదట్లో పెద్ద స్టీలు సామాన్ల దుకాణం ప్రెసిడెంటు గారిది. వ్యాపారుల సంఘానికి ఆయన ఎన్నాళ్లుగానో ప్రెసిడెంటు. ఇప్పుడు పురపాలక ఎన్నికల్లో నిలబడదామని చూస్తున్నాడు. అందుకోసం ఆయనకో ఆలోచన వచ్చింది. షటర్లన్నీ దించితే ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే గోడలా ఉంటుంది కదా, దాని మీద బజారు బొమ్మ వేయించాలి, బళ్లు, బుట్టలు, బేరాలాడే జనం. మధ్యలో, అందరికంటే పెద్దగా, నవ్వుతూ ఆయన మొహం. "బజారు అందం కోసం" అని అందరికీ చెప్పాడు. మొహం మూడు షటర్ల వెడల్పు. ఒక కన్నూ చెవీ తాళాల కొట్టు మీద, రెండో కన్నూ చెవీ మంగలి కొట్టు మీద. ముక్కు, మీసం, నోరు టైలరమ్మ షటర్ మీద.

టైలరమ్మకి ఎండలు ముదిరేముందు కుడిభుజం పట్టేసింది. బరువైన షటర్ లాగలేక, లోపలున్న కటకటాల తలుపుకి తాళం వేసుకుని ఇంటికి పోవడం మొదలుపెట్టింది. కదలని షటర్‌ని చూసుకుని పిచ్చుకలు కాపురం పెట్టాయి. మొదట్లో ఆమెకేమీ ముచ్చట కలగలేదు. పొద్దున రాగానే గుమ్మంలో గడ్డిపోచలు ఊడ్చలేక, కత్తిరించిపెట్టిన గుడ్డల మీద రెట్టలు తుడవలేక విసుక్కునేది. తర్వాత ఒకరోజు గింజల కొట్టు ముందు ఒక పిచ్చుక కాళ్లకి దారం చుట్టుకుని కుంటడం చూసింది. ఆ రోజు నుంచి తన కొట్లో రాలిన దారాలన్నీ వేలెడు కూడా మిగలకుండా తుంచి గానీ చెత్తబుట్టలో వేసేది కాదు.

మర్నాడు ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చాడు. వెనక నలుగురైదుగురు.

"ఏమ్మా, దించనన్నావట?"

"పిల్లలు ఎగిరేదాకానండీ. వారమో, పది రోజులో. తర్వాత నేనే పిలిచి దింపిస్తాను."

"గూడు తీసి పక్కన పెట్టించు."

"పక్కనంటే ఎక్కడండీ?"

"ఎక్కడో ఒకచోట. ఏ చెట్టుమీదో."

"తల్లి అక్కడికి రాదండీ."

"రాదని నీతో చెప్పిందా?" అన్నాడాయన. వెనకున్నవాళ్లు నవ్వారు.

టైలరమ్మ కత్తెర కింద పెట్టింది. "మిమ్మల్ని మంచంతో సహా ఎత్తి ఊరవతల పడేశారనుకోండి. ఎక్కడున్నారో ఫోన్ చేసి కనుక్కుని మీ ఇంట్లోవాళ్లు అన్నం పట్టుకొస్తారు. వీటికి ఫోన్లు లేవుగా."

ఈసారి నవ్వింది మంగలి. ప్రెసిడెంటు గారు అతని వైపు చూడగానే దువ్వెన దులుపుకుంటూ లోపలికి పోయాడు.

"చూడమ్మా, ఆదివారం పార్టీ పెద్దాయన వస్తున్నాడు బొమ్మ చూడ్డానికి. నీ పిచ్చుకల తీరిక చూసుకుని ఆయన రాడు. బజారంతా ఒక్క మాట మీద ఉంటే నువ్వొక్కదానివే అడ్డం తిరుగుతున్నావు."

"ఒక్కదాన్నే ఎలా అవుతానండీ? పైనున్నవాటిని కూడా లెక్కేసుకోండి."

ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు దించుతావో, నన్ను దింపించమంటావో ఆలోచించుకో," అని వెళ్లిపోయాడు.

ఆ కబురు ఆమెకంటే ముందే ఇంటికి చేరింది. గుమ్మంలో కాలు పెట్టగానే అత్తగారు అందుకుంది.

"ఎందుకే అమ్మాయీ నీకీ తలనొప్పి? మీ ఆయన లారీ మీద వెళ్లి ఎప్పుడొస్తాడో తెలీదు. రేపు ఏదైనా గొడవైతే నిలబడేదెవరు? అదీ పిచ్చుకల కోసం! మా పొలంలో కంకులు పాలు పోసుకునే వేళకి మందలు మందలుగా దిగేవి. డబ్బా వాయించి వాయించి నా చేతులు పడిపోయేవి."

"తెలుసు అత్తయ్యా. వందసార్లు చెప్పావు."

"మరి?"

టైలరమ్మ కాళ్లు కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూచుంది. "రైలు గేటు పక్కన వరండాలో మన మిషన్ ఉండేది గుర్తుందా?"

అత్తగారికి గుర్తుంది. ఆ రోజు ఆమె కోడలికి అన్నం పట్టుకెళ్లింది. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు వచ్చి వరండా ఖాళీ చెయ్యమన్నారు. ఎవరిదో పెళ్లి బట్టలు సగం కుట్టి ఉన్నాయి. సాయంత్రందాకా ఆగండి, ఇవి పూర్తిచేసి నేనే సర్దుకుంటానని కోడలు బతిమాలింది. వాళ్లు వినలేదు. మిషన్ ఎత్తి బండిలో పడేస్తే ఇనప చక్రం విరిగింది. తెల్లటి పెళ్లి బట్టలు తారులో పడ్డాయి.

"ఆ రోజు నేను వెళ్లనన్లేదు అత్తయ్యా. ఆగమన్నాను, అంతే. ఇప్పుడు ఇవీ ఆగమనే అంటున్నాయి. అప్పుడు నా మాట వినేవాడు లేడు. ఇవాళ వినాల్సింది నేనే అయ్యాను. ఆ బండివాళ్లలా ఎలా ఉండను?"

అత్తగారు లేచి వెళ్లి అన్నం వడ్డించింది. తింటుండగా మాత్రం, "ఎన్ని పిల్లలు?" అని అడిగింది.

"నోళ్లు మాత్రమే కనిపిస్తాయి. మూడో, నాలుగో."

పొద్దున్నే టైలరమ్మ తాళాల బాబాయి దగ్గరికి వెళ్లింది. షటర్ బయటినుంచే లాగే వీలుంది. తను ఇంటికి వెళ్లాక ఎవరైనా వచ్చి కొక్కెం కర్రతో ఒక్క గుంజు గుంజితే అంతే సంగతులు.

"బాబాయ్, షటర్ కిందికి రాకుండా తాళం వెయ్యగలవా?"

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "రాకుండానా?"

"అవును. పైనే ఉండిపోవాలి. ఎవరు లాగినా కదలకూడదు."

ఆయన వెంటనే సరే అనలేదు. ప్రెసిడెంటు గారి గోదాముకి తాళాలన్నీ ఆయనే ఇస్తాడు. చేతిలో ఉన్న తాళంచెవిని చాలాసేపు ఆకురాయితో రాశాడు. రాయాల్సినదానికంటే ఎక్కువే రాశాడు, తాళంచెవి పాడైపోయింది. దాన్ని అవతల పారేసి డ్రిల్లు మిషన్ తీసుకుని లేచాడు.

షటర్ రెండు పక్కలా దిగే ఇనప గాడులకి, చుట్ట కిందుగా, చెరో బెజ్జం వేసి లావుపాటి మేకులు దూర్చాడు. మేకుల చివర్లకి తాళాలు బిగించాడు. డ్రిల్లు చప్పుడుకి పెద్దపిచ్చుకలు రెండూ ఎదురు కరెంటు తీగ మీదికి ఎగిరిపోయి ఒకటే తిట్లు. పని అవగానే మళ్లీ వచ్చాయి.

"దొంగలు తెరవకుండా తాళాలేస్తూ ముసలాణ్ణైపోయాను," అన్నాడు బాబాయి తాళంచెవులు ఆమె చేతిలో పెడుతూ. "పెద్దమనుషులు మూసెయ్యకుండా తాళం వెయ్యడం ఇదే మొదలు."

శుక్రవారం పెయింటర్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చెవి వెనక బ్రష్షుతో. వరసలో ఉన్న షటర్లన్నిటి మీదా తెల్లరంగు పూసి, గీతలు గీసి, మధ్యాహ్నానికి బళ్లూ జనమూ పూర్తిచేశాడు. సాయంత్రం మొహం మొదలుపెట్టాడు. అటు కన్ను వేశాడు, ఇటు కన్ను వేశాడు. మధ్యలో నిలబడి లోపల మిషన్ తొక్కుతున్న టైలరమ్మని చూశాడు.

"అక్కా, నాకు ముక్కు మిగిలిపోయింది."

"ఏం చెయ్యను తమ్ముడూ, నాకు పైన నాలుగు ముక్కులున్నాయి."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "అక్కా, అదేంటి, ఆ వేలాడేది?"

ఆమె బయటికి పరుగెత్తింది. సందులోంచి పిల్ల ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. గోనెసంచి పురికొస కాలికి చుట్టుకుంది. గూట్లోకి తల్లి తెచ్చి పేర్చుకున్నదే. రెక్కలు ఇంకా పూర్తిగా రాలేదు, కొట్టుకుంటోంది, తిరుగుతోంది, తిరిగేకొద్దీ పురి బిగుస్తోంది. ఆడపిచ్చుక దాని చుట్టూ ఎగురుతూ గోల పెడుతోంది.

"నిచ్చెన ఇటు వెయ్యి!"

పెయింటర్ నిచ్చెన వేసి రెండు చేతులతో పట్టుకున్నాడు. టైలరమ్మ దారాలు తుంచే చిన్న కత్తెర పళ్ల మధ్య పెట్టుకుని ఎక్కింది. ఎడమచేత్తో పిల్లని పట్టుకుంది. ఒళ్లంతా గుండెకాయే అన్నట్టు కొట్టుకుంటోంది. కుడిచెయ్యి భుజం పైకి లేవనంటోంది. పళ్లు బిగించి లేపింది, కళ్ల నీళ్లు వచ్చాయి. కాలికీ పురికీ మధ్య కత్తెర మొన దూర్చి, కుట్టు విప్పినంత నెమ్మదిగా, ఒక్కో పోగే కోసింది. కాలు వాచింది గానీ విరగలేదు. పిల్లని లోపల పెట్టి, చేతికందినంత పురికొస లాగి, మిగిలిందాన్ని ముక్కలు చేసి దిగింది.

పెయింటర్ నిచ్చెన వదలకుండా అలాగే నిలబడి ఉన్నాడు. అతని చేతుల రంగు నిచ్చెనకి అంటుకుంది. "నేను మొహాన్ని రెండు ముక్కలుగా వేసేస్తాలే అక్కా," అన్నాడు మెల్లిగా. "సగం అటు, సగం ఇటు. మధ్యలో ఏముందంటే ఖాళీ ఉందంటాను."

ప్రెసిడెంటు గారికి అది నచ్చుతుందా? శనివారం అత్తగారు కూడా కొట్టుకి వచ్చి గుమ్మంలో కూచుంది. ఒళ్లో పాత నూనె డబ్బా, చేతిలో కర్ర. ఎందుకంటే చెప్పదు. టైలరమ్మ భోజనానికి కూచోగానే ప్రెసిడెంటు గారి మనుషులు ఇద్దరు వచ్చారు. ఒకడి చేతిలో కొక్కెం కర్ర, ఇంకొకడి చేతిలో ఇనుము కోసే రంపం.

"అవ్వా, లే. పక్కకి జరుగు."

అత్తగారు లేవలేదు. డబ్బా వాయించడం మొదలుపెట్టింది. ఆ వాయింపు వీధి మొదటినుంచి చివరిదాకా వినిపించింది. కొట్లవాళ్లు బయటికొచ్చారు. మంగలి దగ్గర సగం గడ్డం గీయించుకున్న మనిషి నురగతోనే వచ్చాడు. కొనడానికి వచ్చినవాళ్లు సంచులతో ఆగిపోయారు.

"ఏమైందవ్వా?" అన్నారెవరో.

"చేలో పిట్టలు పడ్డాయి నాయనా, తోలుతున్నాను," అంది ఆమె ఆ ఇద్దరి వైపు కర్ర చూపించి.

జనం ఒకటే నవ్వు. రంపం పట్టుకున్నవాడు దాన్ని వీపు వెనక దాచుకున్నాడు. ఇంకాసేపు నిలబడి చూసి, ఇద్దరూ వచ్చిన దారినే పోయారు. అత్తగారు డబ్బా కింద పెట్టి చేతులు నులుముకుంది. "ఈ దిక్కుమాలిన పిట్టలకోసం డబ్బా వాయిస్తానని అనుకున్నానా ఎప్పుడైనా!" అంది కోడలితో, పెద్ద తప్పు చేసినదానిలా.

ఆదివారం పొద్దెక్కేసరికి వీధంతా మైకుల హోరు. పెద్దాయన కారు దిగాడు. వరసకి ఎదురుగా నిలబడి ఈ చివర నుంచి చూసుకుంటూ వచ్చాడు. బళ్లు బాగున్నాయన్నాడు. బుట్టలు బాగున్నాయన్నాడు. మధ్యకి వచ్చి ఆగాడు. అక్కడ ఒక కన్ను, కాస్త చెంప. అటువైపు ఇంకో కన్ను, కాస్త చెంప. మధ్యలో తెరిచి ఉన్న కొట్టు, అందులో ఒకామె పరదాకి అంచు కుడుతోంది.

"ముక్కేదయ్యా?" అన్నాడు పెద్దాయన.

పక్కనే మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట వీధంతా మోగింది. జనం ముక్కున వేలేసుకోలేక నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు.

ప్రెసిడెంటు గారు సైగ చెయ్యగానే మనుషులు తెల్లగుడ్డ ఒకటి పట్టుకొచ్చి, ఈ పక్క గాడి నుంచి ఆ పక్క గాడికి బిగించి కట్టేశారు. గుడ్డ మీద తొందరగా గీసిన ముక్కూ మీసమూ ఉన్నాయి. కొట్లో చీకటి పడింది. ప్రెసిడెంటు గారు మైకు అందుకుని బజారు ఐకమత్యం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

గుడ్డ పై అంచు షటర్ చుట్ట మీదుగా రేకుదాకా వెళ్లింది. సందు మూసుకుపోయింది. లోపలినుంచి టైలరమ్మకి పిల్లల గోల వినిపిస్తోంది. బయటినుంచి గుడ్డకి ఏదో తగులుతున్న చప్పుడు కూడా. మగపిచ్చుక పురుగుని ముక్కున పెట్టుకుని వచ్చి, గుడ్డకి తగిలి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చి తగులుతోంది. ఆడపిచ్చుక కూడా వచ్చింది. ఉపన్యాసం నడుస్తూనే ఉంది.

ఆమె కాసేపు ఓర్చుకుంది. తర్వాత బల్ల మీది పెద్ద కత్తెర తీసుకుని లేచింది.

బయట నిలబడ్డవాళ్లకి ముందు కనిపించింది కత్తెర మొన. మీసం కింద పొడుచుకొచ్చి పైకి నడిచింది. ఆమె స్టూలు ఎక్కింది కాబోలు, కోత ఆగకుండా ముక్కుమీదుగా రేకుదాకా వెళ్లింది. ఎక్కడా వంకర లేదు, చిరుగు లేదు. గుడ్డ రెండు పక్కలకీ జారిపోయింది. మధ్యలో టైలరమ్మ కత్తెరతో నిలబడి ఉంది. మగపిచ్చుక ఆమె నెత్తిమీదుగా లోపలికి దూరిపోయింది.

ఉపన్యాసం ఆగిపోయింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు ప్రెసిడెంటు గారు. ఆ మాట కూడా మైకులోనే.

"నా గుమ్మానికి అడ్డం కట్టారు, తీసుకున్నాను," అందామె. "వారం ఆగమన్నాను. కొట్టు మూసుకోమన్నా మూసుకునేదాన్నేమో. ప్రాణాలు చంపమంటే చంపను. మీ మొహానికి ముక్కు లేకపోతే ఎవరూ చావరు."

మంగలి గొంతు సవరించుకున్నాడు. "పెద్దలు ఏమీ అనుకోకండి," అన్నాడు నేల చూపులు చూస్తూ, "పొద్దుట్నుంచీ నా దగ్గర నలుగురు కాచుకుని ఉన్నారు," అని వంగి తన షటర్ ఎత్తేశాడు. ఒక కన్నూ చెవీ చుట్టుకుని పైకి పోయాయి. ఆ చప్పుడు ఇంకా ఆగకముందే తాళాల బాబాయి లేచాడు. రెండో కన్ను కూడా పోయింది. తర్వాత గింజల కొట్టు, చెప్పుల కొట్టు, పుస్తకాల కొట్టు. బళ్లూ బుట్టలూ జనమూ ఒక్కొక్కటే పైకి వెళ్లిపోయి, వాటి వెనక అసలు బజారు కనిపించింది. కాచుకుని ఉన్న జనం లోపలికి వెళ్లారు. బేరాలు మొదలయ్యాయి. పెద్దాయన గడియారం చూసుకుని కారెక్కాడు.

దానికి ఫలితం టైలరమ్మ అనుభవించింది. సంఘం కుళాయి దగ్గర ఆమెకి నీళ్లు పట్టుకోనివ్వలేదు. ఇంటినుంచి బిందె మోసుకొచ్చుకునేది. స్టీలు దుకాణం వాళ్లూ, వాళ్ల చుట్టాలూ ఆమెకి బట్టలు ఇవ్వడం మానేశారు. ఎన్నికల్లో ప్రెసిడెంటు గారు గెలిచాడు కూడా. ఆ రోజు ఊరేగింపు తన కొట్టు ముందుకు వచ్చి కావాలని కాసేపు ఆగితే, ఆమె మిషన్ ఆపకుండా తొక్కుతూనే ఉంది.

పిల్లలు అప్పటికే ఎగిరిపోయాయి. కాలు వాచినది అందరికంటే ఆఖర్న వెళ్లింది. రెండు పూటలు అంచున కూచుని తల్లి పిలుస్తున్నా కదల్లేదు. చివరికి ఎగరలేదు, పడింది. పడుతూ పడుతూ తీగదాకా వెళ్లింది. టైలరమ్మ ఆ సాయంత్రం గూడు తీసేసి, ఆ సందుకి బాబాయి చేత రేకు ముక్క బిగింపించింది. "మళ్లీ నా వల్ల కాదు," అంది పైకి చూసి, తీగ మీద ఉన్నవాటితో.

అవి నొచ్చుకున్నట్టు లేదు. వర్షాలు మొదలయ్యే ముందు ఒక పొద్దున ప్రెసిడెంటు గారు, ఎన్నికల తర్వాత మొదటిసారి, ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"నీ పిచ్చుకలు నా దుకాణం బోర్డులో గడ్డి కుక్కుతున్నాయి."

ఆయన బోర్డు మీద అక్షరాలు రేకుతో చేసి లోపల డొల్లగా ఉంటాయి. టైలరమ్మ సూదిలో దారం ఎక్కించి గానీ తలెత్తలేదు.

"నావి కావండీ. నావైతే నా మాట వినేవి."

"బోర్డు కడిగించాలి. రేపు మనుషుల్ని పెట్టాను."

"గుడ్లు పెట్టాయా?"

ఆయన జవాబు చెప్పలేదు. అంటే చూశాడన్నమాట.

"కడిగించండి, చూద్దాం," అందామె.

ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడాది వర్షాలన్నీ అయ్యేదాకా ఆ బోర్డు కడగలేదు. ఎందుకు కడగలేదని బజారులో ఎవరూ ఆయన్ని అడగలేదు.